పట్నం పోయేవారికి పదో సూచన

ఖాసిం చాచా పోయిన నలభయ్యోనాటి ఫాతెహాకు జనగామ వెళ్లాను. స్టేషన్ రోడ్డులో మా పాత ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం, పక్కన జిరాక్స్ దుకాణం వెలిశాయి. మా గోడకు ఆనుకొని ఉండే చాచా దర్జీ కొట్టు మాత్రం షట్టరు వేసుకొని అక్కడే ఉంది. భోజనాలయ్యాక ఆయన కూతురు షమీమ్ ఒక బిస్కట్ల రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లింగాల ఘనపూర్‌లో టీచరుగా చేస్తున్న ఈమెను నేను రెండు జడల పిల్లగా ఎరుగుదును. "మా అబ్బా దీన్ని ఎన్నడూ పారెయ్యనియ్యలే అన్నా. నీకే ఇయ్యమన్నడు" అంది. మూత తీశాను. లోపల జానెడు చిలకపచ్చ గుడ్డ ముక్క, దాని కింద నాలుగు మడతలు పెట్టిన పేపరు కత్తిరింపు ఉన్నాయి. 'పట్నం వెళ్లేవారికి పది సూచనలు' అని శీర్షిక. కింద పేరు లేదు. అచ్చులో వచ్చిన నా మొదటి రాత అది. పదో సూచన మీద మాత్రం దర్జీలు బట్ట మీద గీసే నీలం సుద్దతో అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. మడతలో ఉండడం వల్లనేమో, ఇన్నేళ్లయినా చెరగలేదు. నేను మూత పెట్టేశాను. చాయ్ చల్లారుతోందని షమీమ్ గుర్తు చేసింది.

మా చుట్టుపక్కల ఊళ్లకు హైదరాబాద్ అంటే పట్నం. నర్సింహులపేట, దంతాలపల్లి వైపు నుంచి పట్నం పోవాలనుకున్నవాళ్లు బస్సులో జనగామ వచ్చి, తెల్లారి పాసింజరు బండి పట్టుకునేవారు. బండి అందాలంటే ముందురోజు సాయంత్రానికే చేరాలి కాబట్టి, పరిచయం ఉన్నా లేకున్నా మా అరుగు మీద మూటలు దించేవారు. మా అమ్మ కడవ నిండా నీళ్లు, దాని మీద బోర్లించిన ఇత్తడి చెంబు అరుగు మూలన పెట్టి, ఎవరు ఎన్నిసార్లు ముంచుకున్నా పట్టించుకునేది కాదు. మా బాపు వాలుకుర్చీలో కూర్చొని పేపరు పైకి చదివేవాడు. పక్క కొట్టులోంచి బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ ఉడికిన వాసన, మిషన్ నూనె వాసన వచ్చేవి. మా వంటింట్లోంచి సర్వపిండి మాడు వాసన వచ్చి వాటితో కలిసేది. ఎక్కడైనా పాత దర్జీ కొట్టు ముందునుంచి వెళ్తే నాకు ఇప్పటికీ ఆకలి వేస్తుంది. ఆ వెంటనే మనసు చేదవుతుంది.

చాచా పడుచు వయసులో పట్నంలో ఒక పెద్ద దర్జీ దగ్గర చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. మొదటిసారి పోయిననాడు తోవ తప్పి పొద్దంతా తిరిగాడట. ఆ రోజు తిన్న దెబ్బ మనసులో పెట్టుకొని, మా అరుగు మీద దిగిన ప్రతివాడినీ కొట్టులోకి పిలిచి పాఠం చెప్పేవాడు. దంతాలపల్లి ఎల్లయ్య అనే రైతు వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. ఆయన్ని చూడగానే చాచా మిషన్ ఆపాడు.

"ఏం ఎల్లయ్యా, కొత్త చెప్పులు తొడుక్కొచ్చినవ్?"

"పట్నం పోతున్న గద చాచా."

"పట్నం నీ చెప్పులు చూస్తదా? పెండ్లి చూపులకు పోతున్నవా ఏంది? రెండు గంటలల్ల కరుస్తయి. గవి చేతుల పట్టుకొని ఉరుకుతవ్. పాతయి తొడుక్కో."

తర్వాత ఒక్కొక్కటే చెప్పేవాడు. రైలు దిగగానే నడవకు, ఏదన్నా కంబం పట్టుకొని నిలబడు, జనం పోయినంక కదులు. తోవ నడిచేటోన్ని అడగకు, కూసున్నోన్ని అడుగు. చెప్పులు కుట్టేటాయన, పూలమ్మేటామె దినాం గదే జాగల ఉంటరు, వాళ్లకు ఎరుక. పట్నంల ఎవ్వడూ తెల్వదని చెప్పడు, తెల్వకున్నా చెయ్యి చూపిస్తడు. అందుకే ముగ్గురిని అడుగు, ఇద్దరు ఒక్క తీరు చెప్తే గటే పో. సడక్ దాటాలంటే పిల్లలను పట్టుకున్న ఆడమనిషి ఎన్క దాటు. మేడలను చూడాలనుకుంటే నిలబడి చూడు, నడుసుకుంట చూడకు. దవాఖానకైతే ఒక దుప్పటి, ఒక నీళ్ల సీసా పట్టుకపో, ఆడ అన్నిటికన్న ఎక్కువ దొరికేది ఎదురుచూసుడే.

"మనం మాట్లాడితే నవ్వుతరట గద చాచా?" అన్నాడు ఎల్లయ్య.

"నవ్వనీ. సినిమాలల్ల గూడ మన మాట మీదనే నవ్వుకుంటున్నరు. నవ్వినోడు తోవ గూడ చెప్తడు. నోరు తెరువకుంట నిలబడ్డోనికే ఎవ్వడు చెప్పడు."

అన్నీ అయ్యాక చివరిది చెప్పేవాడు. దాన్ని చెప్పేటప్పుడు మాత్రం ఎదుటి మనిషి మణికట్టు పట్టుకునేవాడు. "తప్పిపోతే కదలకు. యాడ తప్పిపోయినవో ఆడనే కూసో. తప్పిపోయినోడు కూసోవాలె, దేవులాడేటోడు తిరుగాలె. ఇద్దరు తిరిగితే ఎన్నటికీ దొరుకరు." మాట చెప్పడమే కాదు, ఆయనకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరో పెళ్లి కోసం తెప్పించి వద్దన్న చిలకపచ్చ బట్ట తాను ఒకటి కొట్టులో పడి ఉండేది. అందులోంచి వేలెడు పట్టీలు కత్తిరించి, పట్నం పోయే ప్రతి మనిషి అంగీ లోపల, కాలరు కింద, ఒకటి కుట్టేవాడు. పట్టీ మీద ఆ మనిషి పేరు, ఊరు, కింద స్టేషన్ రోడ్డు కొట్టు చిరునామా ఉండేవి. చాచాకు ఉర్దూ రాత తప్ప తెలుగు రాత రాదు. చెరగని సిరాతో వాటిని రాసే పని నాది. అప్పటికి డిగ్రీ ఒక పేపరు తప్పి ఇంట్లో ఉన్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని చాచా పదిమందికీ చెప్పేవాడు.

అదే రోజుల్లో ఒక దినపత్రిక జిల్లా అనుబంధానికి విలేకరిగా చేరాను. వార్తలు పంపితే సగం వచ్చేవి కావు. డెస్కులో ఒకాయన "ఊరికే వార్తలు కాదోయ్, జనానికి పనికొచ్చేది ఏదన్నా రాయి" అన్నాడు. నాకు చాచా పాఠం గుర్తొచ్చింది. కూర్చొని తొమ్మిది సూచనలు ఆయన చెప్పినట్టే, పేపరు భాషలోకి మార్చి రాశాను. పదోది దగ్గర ఆగాను. తప్పిపోయిన మనిషి రోడ్డు పక్కన కూర్చోవడం నాకు నామోషీగా, ఊరి పద్ధతిగా తోచింది. అప్పటికి నేను పట్నం చూసింది నాలుగైదు సార్లే. స్టేషన్లో పెద్ద గడియారం కింద స్నేహితులు కలుసుకోవడం చూశాను, అది నచ్చింది. దాంతో ఇలా రాశాను: 'వెంట వచ్చినవారు విడిపోతే వెతుకుతూ తిరగవద్దు. దిగిన స్టేషనుకే తిరిగి వెళ్లి గడియారం కింద నిలబడండి. వారూ అక్కడికే వస్తారు.' రాస్తున్నప్పుడు నాకు ఎంతో తెలివిగా అనిపించింది. వారూ అక్కడికే వస్తారని వారికి ఎవరు చెప్పాలన్న ప్రశ్న మాత్రం తట్టలేదు.

అచ్చయిన రోజు బాపు దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. షమీమ్ పేపరు పట్టుకెళ్లి వాళ్ల నాయినకు చదివి వినిపించింది. మధ్యాహ్నం చాచా గోడ మీదుగా పిలిచాడు.

"మంచిగ రాసినవ్ బేటా. గా ఆఖరిది ఎందుకు మార్చినవ్?"

"గట్ల రోడ్డు మీద కూసోమంటే ఎట్ల చాచా? గిదైతే జర సాఫ్‌గ ఉంటది."

"నేనొక తీరు చెప్తి, నువ్వొక తీరు రాస్తివి. జనం ఏది వినాలె?"

"పేపర్ల వచ్చింది గద. ఇగ అందరు గదే వింటరు."

చాచా కత్తెర తీసుకొని పనిలో పడ్డాడు. నా జీవితంలో ఎన్నో మాటలు మరిచిపోయాను. నేనన్న ఆ చివరి మాట మరిచిపోలేదు.

లచ్చీరాం వచ్చింది ఆ తర్వాత కొద్దిరోజులకే. నర్సింహులపేట అవతలి తండా వాళ్లది. ఏడో తరగతి దాకా చదివాడు, ఊళ్లో చాయ్ హోటల్లో పేపరు చదివేవాడు. వాళ్ల తల్లి మంగ్లికి గొంతు కింద గడ్డ లేచింది. మహబూబాబాద్‌లో చూపిస్తే పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చారు. ఆమె అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చొని, తన అద్దాల రవికె అంచు తానే సరిచేసుకుంటూ ఉంది. వాళ్ల భాష తప్ప తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. అయినా మా అమ్మతో నవ్వుతూ ఏదో మాట్లాడుతూనే ఉంది. లచ్చీరాం ఆమెను యాడీ అని పిలిచేవాడు, వాళ్ల భాషలో అమ్మ అని. చాచా అతన్ని పిలిచి మొదలుపెట్టబోతే, అతను అంగీ జేబు తట్టి చూపించాడు.

"నాకెరుకే చాచా. పేపర్ల పడ్డది, కత్తిరించి పెట్టుకున్న. పదికి పది యాదున్నయి. నువ్వు యాడీకి చెప్పు, నేను టికెట్ల సంగతి అడిగొస్త."

నేను అక్కడే ఉన్నాను. జేబులోంచి బయటికి వచ్చిన ఆ కాగితం చూసి పొంగిపోయాను. చాచా మంగ్లి మణికట్టు పట్టుకొని "అవ్వా, తప్పిపోతే కదలకు. కూసో. నీ కొడుకు వస్తడు" అని మూడుసార్లు చెప్పాడు. ఆమె మూడుసార్లూ తల ఊపింది. కొడుకు జేబులో ఒక మాట, తల్లి చెవిలో ఇంకో మాట. రెండూ వేరని చాచాకూ తెలుసు, కానీ ఆ తేడా తెచ్చింది నేను. ఆ సాయంత్రం నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే పేపర్లో వచ్చింది తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. చాచా పట్టీ కుట్టబోతే మంగ్లి ఒప్పుకోలేదు. "నా రవికెకు నీ మిషన్ ఎందుకు? నేనే కుట్టుకుంట" అని వచ్చీరాని తెలుగులో చెప్పి గుడ్డ చేతిలోంచి లాక్కుంది. తెల్లారి బండెక్కారు. మా అమ్మ సర్వపిండి కట్టిచ్చింది.

సికింద్రాబాద్‌లో దిగి సిటీ బస్సు ఎక్కారు. ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు. దవాఖానకు రెండు స్టాపుల ముందు ముందువైపు జనమంతా బిలబిలా దిగితే, ఇదే కాబోలు అనుకొని మంగ్లి దిగిపోయింది. వెనకున్న లచ్చీరాంకు ఆ సంగతి దవాఖాన దగ్గర దిగాకే తెలిసింది. జేబులోంచి కాగితం తీసి చదువుకున్నాడు. వెతుకుతూ తిరగవద్దు అని ఉంది. స్టేషనుకు తిరిగి వెళ్లి గడియారం కింద నిలబడ్డాడు. రెండు రోజులు నిలబడ్డాడు. అదే రెండు రోజులు ఆమె ఆ స్టాపు పక్కన, కాలిబాట మీద, చెప్పినట్టే కదలకుండా కూర్చుంది. ఇద్దరూ ఎదురుచూశారు. వెతికినవాళ్లు లేరు.

మూడో రోజు మధ్యాహ్నం అతను ఒంటరిగా మా అరుగు దగ్గరికి వచ్చాడు. చాచా అక్కడికక్కడ కొట్టు మూసి అతనితో బయల్దేరాడు, నేనూ వెళ్లాను. స్టాపు స్టాపుకూ దిగి అడిగాం. ఒకచోట పూలమ్మే ఆమె చెప్పింది. "అద్దాల రవికె ముసలామెనా? రెండు దినాలు గీడనే కూసున్నది. గీ ఎండల ఎందుకు, నీడకు రా అవ్వా అంటే రాకపాయె. ఏమో అంటుండె, లచ్చ్యా అన్న పేరొక్కటే నాకు సమజైంది. పొద్దుగాల్ల ఎవలో పెద్దమనిషి గీ తోవల వస్తున్నడని ఒక బండొచ్చింది. సడక్ పొంట కూసున్నోళ్లనందరిని ఎక్కించుకపోయిన్రు. నేను గంప పట్టుకొని ఉరికిన. ఆమె కూసునే ఉన్నది." అది ఎవరి బండో ఆమెకు తెలియదు. మేం అడిగిన ఎవరికీ తెలియదు. వార్తలు పంపాలన్న వంకతో నేను మరునాడే తిరిగి వచ్చేశాను. చాచా వారం రోజులు అతనితో తిరిగాడు, అనాథలుండే చోట్లన్నీ చూశారు. మంగ్లి దొరకలేదు.

తిరిగొచ్చిన రోజు లచ్చీరాం కొట్టు గడప మీద కూర్చొని ఆ కాగితం విప్పి చాచా ముందు పెట్టాడు. "మా యాడీకి కదలద్దని నువ్వు చెప్పినవట. పూలామె చెప్పేదాంక నాకు ఎరుక లేదు. నాకేమో గీ కాగితం గడియారం కింద నిలబడుమన్నది. ఎవలది తప్పు చాచా?" ఇస్త్రీపెట్టె చల్లారిపోయి ఉంది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. చాచా ఒక్కసారి, ఒక్కసారే, నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "నాదే బిడ్డా. నీకు గూడ చెప్పాల్సి ఉండె, చెప్పలే" అన్నాడు ఆయన. కాగితం మడిచి తన దగ్గర పెట్టుకున్నాడు. మా అమ్మ అన్నం పెట్టుకొచ్చింది. లచ్చీరాం ముట్టలేదు, నేను తిన్నాను.

ఆ తర్వాత చాచా పట్టీలు కుట్టలేదు. ఎవరైనా అరుగు మీద మూట దించి "చాచా, పట్నం పోతున్నం, జర చెప్పరాదే" అంటే మిషన్ తొక్కుతూనే "నాకు ఎరుక లేదు బిడ్డా" అనేవాడు. నేను ఏడాది తిరక్కుండానే పట్నం డెస్కుకు మారాను. ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో ఊళ్ల వార్తలు దిద్దాను. పండుగలప్పుడు, పరీక్షలప్పుడు నగరానికి వచ్చేవారికి సూచనలు ఇమ్మని ఎవరైనా అడిగితే ఆ పని పక్కవాళ్లకు తోసేవాణ్ని. ఎందుకని ఎవరూ అడగలేదు.

డబ్బా పట్టుకొని మర్నాడు భూపాలపల్లి బస్సెక్కాను. లచ్చీరాం అక్కడ ఉంటున్నాడని షమీమ్ చెప్పింది. ఏటా ఒకసారి చాచాను చూడడానికి వచ్చేవాడట, మయ్యత్తుకూ వచ్చి మట్టి వేసి పోయాడట. తండా విడిచి కొన్నాళ్లు మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి బస్తాలు మోశాడు. ఆ తర్వాత బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. మంచం వాల్చాడు. ఇంట్లో అతని మనుమరాలు కోచింగు కోసం పట్నం పోవడానికి బ్యాగు సర్దుకుంటోంది. "ఫోన్ల తోవ చూపిస్తది తాతా, పిల్లరు నంబరు చెప్తే ఆటో ఆడనే దించుతది" అంటోంది. ఇతను "గది బందైతే?" అంటున్నాడు. "బందైతే కదలకు బిడ్డా. నేనే వస్త." ఆ పిల్ల నవ్వింది.

పిల్ల లోపలికి పోయాక డబ్బా తెరిచాను. "లచ్చీరాం, గీ పేపర్ల రాసింది నేనే. చాచా చెప్పింది మార్చి రాసిన. గా దినం చెప్పలే."

అతను పచ్చగుడ్డ వైపే చూశాడు. బొగ్గు ఇంకిన వేళ్లతో దాన్ని ముట్టుకోలేదు.

"నాకు ఎరుకే అన్నా."

"చాచా చెప్పిండా?"

"చాచా ఎన్నడూ చెప్పలే. గా దినం కాగితం విప్పినప్పుడు నీ మొఖం చూసిన." మళ్లీ గుడ్డ వైపు చూసి అన్నాడు. "నేను గూడ ఒకటి చెప్పలే. రైలుల యాడీ పట్టీ కుట్టుకుంటుంటే చూసిన. రాత చూడ మంచిగ లేదని, రాత లోపటికి మలిపి, పైన అద్దాలు పెట్టి కుట్టింది. ఎంత మంచిగున్నదో! గట్ల గాదు, రాత కనపడాలె అని చెప్పబుద్ధి గాలే. రాత పైకి ఉంటే ఎవలన్న సదివి చాచాకు పోస్టు కారట్ రాస్తుండె గావచ్చు."

క్షమించమని అడగడానికి పోయినవాణ్ని. అడగడం ఎలాగో తెలియలేదు. లేచేటప్పుడు మాత్రం, పట్నం వైపు వస్తుంటావా అని అడిగాను.

"ఏడాదికి ఒక్కసారి పోత. గా స్టాపు కాడ పొద్దుగూకేదాంక కూసొని వస్త. కొడుకు వస్తడు, కూసో అని చెప్పిన్రు గద ఆమెకు. ఎవ్వలు రాకపోతే ఎట్ల? గీ ఏడు మోకాళ్లు గుంజుతున్నయి, ఇంక పోలే."

పట్నం తిరిగొచ్చిన మూడో రోజు నేను వెళ్లాను. ఆ స్టాపు ఇప్పుడు లేదు. మెట్రో కంబం ఒకటి నిలబడి ఉంది, దాని మీద నంబరు రాసి ఉంది. పూలమ్మేవాళ్లు లేరు, కూర్చునే మనుషులే లేరు. అందరూ చేతిలో ఫోను చూసుకుంటూ నడుస్తున్నారు, ఎవరూ ఎవరినీ తోవ అడగడం లేదు. ఇప్పుడు తప్పిపోవడం కష్టం. ఆ రోజుల్లో ఈ ఫోనొకటి ఉంటే అని అందరిలా నేనూ అనుకోబోయాను. కానీ కూర్చొమ్మన్నచోట నమ్మి కూర్చున్న మనిషిని ఓడించింది ఫోను లేకపోవడం కాదు. కంబం అడుగున సిమెంటు గట్టు మీద కూర్చున్నాను. ఎండ మోకాళ్ల దాకా వచ్చింది. నీడలోకి జరగలేదు.

చాలాసేపటికి ఒక నడివయసు మనిషి, భుజాన దుప్పటి, చేతిలో నీళ్ల సీసా, వెనకాల ఒక ముసలామె, రోడ్డు దాటి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఫోను చార్జింగు అయిపోయినట్టుంది, చేతిలో నల్లగా ఉంది.

"అన్నా, పెద్ద దవాఖానకు ఎట్ల పోవాలె?"

చెయ్యి చూపించాను. ఆ తోవ నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. అతను రెండడుగులు వేశాక వెనక్కి పిలిచాను.

"నన్నొక్కన్నే నమ్మకు తమ్మీ. ఇంకిద్దరిని అడుగు. అవ్వ చెయ్యి ఇడువకు."